గడ్డిని అరిగించుకునే సొరచేప

ఈ సొరచేప కడుపు కోసి చూసినప్పుడల్లా లోపల గడ్డి కనిపించేది. ఒకటీ అరా పోచలు కాదు. కొన్ని చేపల కడుపులో ఉన్న సరుకు బరువులో 62 శాతం దాకా సముద్రపు గడ్డే. అయినా చూసినవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. పీతను పట్టబోతే పక్కనున్న గడ్డి కూడా నోట్లో పడి ఉంటుంది, లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికి పోతుంది అనుకున్నారు. సబబైన మాటే. సొరచేప అంటే మాంసాహారి అని చిన్నప్పటి నుంచీ చదువుకున్న ఎవరైనా అలాగే అనుకుంటారు.

దీని పేరు బానెట్‌హెడ్. సుత్తితల సొరచేపల కుటుంబంలోని చిన్నవాటిలో ఒకటి. శాస్త్రీయ నామం స్ఫిర్నా టిబ్యురో. పొడవు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, బాగా ఎదిగినవి ఒకటిన్నర మీటరు. కుటుంబం పేరులో సుత్తి ఉంది కానీ దీని తల సుత్తిలా ఉండదు, పారలా ఉంటుంది. దీని బంధువు వింగ్‌హెడ్ తల వెడల్పు దాదాపు ఒంటి పొడవులో సగం. కళ్లు అంత దూరంగా ఉండటం వల్ల దాని రెండు కళ్లూ కలిపి చూడగలిగే మేర ఎదురుగా 48 డిగ్రీలు. బానెట్‌హెడ్‌కి అది 13 డిగ్రీలే, అంటే మామూలు సొరచేపల కంటే కాస్త మెరుగు, అంతే. ఇంకో విశేషం: ఈ కుటుంబంలో తల చూసి ఆడా మగా చెప్పగలిగేది దీన్నొక్కదాన్నే. ఆడదాని తల ముందు అంచు నున్నగా గుండ్రంగా ఉంటుంది. మగది వయసుకొచ్చేసరికి ఆ అంచు మధ్యలో చిన్న ఉబ్బు తేలుతుంది.

బతికేదంతా అమెరికా ఖండాల తీరాల్లోనే, అటు అట్లాంటిక్ వైపు, ఇటు పసిఫిక్ వైపు. లోతు సముద్రంతో దీనికి పని తక్కువ. వెచ్చటి అఖాతాలు, నది సముద్రంలో కలిసే చోట్లు, గడ్డి మొలిచిన ఇసుక నేలలు దీని తావులు. నీరు 21 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉండాలి. చలి మొదలైతే దక్షిణానికి జరుగుతుంది. మళ్లీ వేసవికి ఎక్కడికి వస్తుందనేదే విశేషం. సౌత్ కరోలినాలో గుర్తు బిళ్లలు తగిలించి వదిలిన చేపలు ఏడాది తర్వాత ఏడాది అదే నదీముఖానికి తిరిగి వచ్చాయి.

వేట చూడముచ్చటగా ఉంటుంది. నేలకు దగ్గరగా, తలను అటూ ఇటూ ఊపుతూ ఈదుతుంది. తల అడుగున సన్నటి రంధ్రాలు ఉంటాయి. దాక్కున్న ప్రాణి ఒంటి నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును అవి పసిగడతాయి. దొరికేది ఎక్కువగా నీలి పీత. ముందరి పళ్లు చిన్నగా, మొనదేలి ఉంటాయి, పట్టుకోవడానికి. వెనకవి వెడల్పుగా తిరగలి రాళ్లలా ఉంటాయి. పీతను ఒక్కసారి కొరికి మింగెయ్యదు. దవడ బిగించి, మళ్లీ బిగించి, డిప్ప పగిలేదాకా నలుపుతుంది. ఇదంతా గడ్డి మధ్యలో జరిగే పని కాబట్టి, పోచలు నోట్లోకి వెళ్లడం నిజమే.

వెళ్లాక ఏమవుతోందన్నదే ఎవరూ అడగని ప్రశ్న. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ విభాగంలో సమంతా లీ బృందం దాన్ని అడిగింది. ముందు గడ్డిని తొట్లలో పెంచి, ఆ నీళ్లలో కార్బన్-13 ఉన్న పొడి కలిపారు. కార్బన్-13 మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రకం. గడ్డి దాన్ని పీల్చుకుంటే అది ఎక్కడికి వెళ్లినా ఆచూకీ తెలుస్తుంది. తర్వాత మూడు వారాల పాటు సొరచేపలకు 90 శాతం గడ్డి, 10 శాతం స్క్విడ్ మాంసం పెట్టారు. చేపలు చిక్కిపోవాలి కదా? బరువు పెరిగాయి. గడ్డిలోని సేంద్రియ పదార్థంలో సగం దాకా అరిగిపోయింది. రక్తంలోనూ కాలేయంలోనూ ఆ బరువైన కార్బన్ తేలింది. పీచును విడగొట్టే ఎంజైములు కూడా పేగులో చురుగ్గానే ఉన్నాయి. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాక బానెట్‌హెడ్‌ను సర్వభక్షి అనక తప్పలేదు. పీతలు మానేసి శాకాహారి అయిందని కాదు. కానీ కడుపులో కనిపించినదాన్ని ఊరికే తోసిపుచ్చడం కుదరదని తేలింది.

ఇలాంటిదే ఇంకొకటి అంతకుముందే జరిగింది. 2001 డిసెంబరులో అమెరికాలోని ఒమాహా జంతుప్రదర్శనశాలలో ఒక బానెట్‌హెడ్ పిల్ల పుట్టింది. ఆ తొట్లో ఉన్నవి మూడు ఆడ చేపలు. పిల్లలుగా ఉన్నప్పుడే ఫ్లోరిడా నీళ్లలో పట్టి తెచ్చినవి, మూడేళ్లకు పైగా మగదాని నీడ కూడా సోకనివి. ఎప్పుడో కలిసిన మగదాని వీర్యాన్ని దాచుకుని ఉంటుందిలే అన్నారు. కొన్ని సొరచేపలకు అది చేతనవును కూడా. పిల్ల మాత్రం ఎక్కువసేపు బతకలేదు, అదే తొట్లోని టేకు చేప పొడిచి చంపేసింది. దాని కణజాలాన్ని దాచడం వల్ల డీఎన్‌ఏ పరీక్షకు వీలైంది. పిల్లలో తండ్రి వాటా ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా తల్లిదే. తల్లి అండం, విభజనలో తనతో పాటు ఏర్పడి మామూలుగా వృథా అయ్యే చిన్న కణంతో కలిసిపోయి పిండమైంది. దీన్నే అనిషేక జననం అంటారు. మృదులాస్థి చేపల్లో, అంటే ఎముకకు బదులు మెత్తటి మృదులాస్థితో అస్థిపంజరం ఉండే సొరచేపలు, టేకుల వంటి వాటిలో, ఇది జరుగుతుందని రుజువైన మొదటి సందర్భం ఇదే. ఫలితం 2007లో అచ్చయింది.

మామూలు కాన్పుల్లో అయితే గర్భం ఐదు నెలల లోపే. సొరచేపల్లో ఇంత త్వరగా కనేవి అరుదు. పచ్చసొన సంచే తల్లి గర్భాశయానికి అతుక్కుని మాయగా మారుతుంది, ఒక్కో ఈతకు పది పిల్లల వరకూ పుట్టడం మామూలే.

2024లో మరో సంగతి బయటపడింది. బెలీజ్ నుంచి బ్రెజిల్ దాకా బానెట్‌హెడ్ అనుకుంటున్నది అసలు వేరే జాతి. తల ఆకారం, వెన్నుపూసల సంఖ్య, డీఎన్‌ఏ అన్నీ తేడాయే. దానికి స్ఫిర్నా అల్లేని అని పేరు పెట్టారు. ఇది పేర్ల గొడవ మాత్రమే కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల తీరంలో బానెట్‌హెడ్‌లు బాగానే ఉన్నాయి. దక్షిణంగా పోతే తీరం వెంబడే వేసే వలల్లో విపరీతంగా చిక్కుకుని చాలా చోట్ల తగ్గిపోయాయి. జీవజాతులు ఏ స్థితిలో ఉన్నాయో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అంతకుముందు అన్నిటినీ ఒకే జాతిగా లెక్కవేసి, దీన్ని అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో చేర్చింది. ఇప్పుడు ఆ లెక్క రెండుగా విడగొట్టి మళ్లీ వెయ్యాలి. ఉత్తరాన నిండుగా ఉన్న గుంపును దక్షిణాది జాతి ఖాతాలో ఇక రాసుకోవడానికి వీల్లేదు.