నడుముకు తుపాకీ, వీపున బ్యాగు: ట్రెయిల్‌కి హ్యాండ్‌గన్ ఎంచుకోవడంలో అపోహలు - వాస్తవాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో హైకింగ్, క్యాంపింగ్ అలవాటు పెరిగేకొద్దీ ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తోంది: "అడవిలోకి వెళ్తున్నాం, బట్టల కింద కనపడకుండా పెట్టుకోడానికి ఏ గన్ కొనమంటారు?" అడిగేవాళ్లు దాదాపుగా మోడల్ పేరుతోనో, కాలిబర్‌తోనో (గుండు కొలతతోనో) మొదలుపెడతారు. అసలు వరుస అది కాదు. ముందు చట్టం, తర్వాత ఒంటి మీద ఎక్కడ పెట్టుకుంటారన్నది, ఆ తర్వాత తుపాకీ. కాలిబర్ వీటన్నిటికీ వెనకాల వస్తుంది.

అపోహ: టెక్సస్‌లో పర్మిటే అక్కర్లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు.

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చన్నది నిజమే. కానీ ఆ చట్టం రాసింది 21 ఏళ్లు నిండి, తుపాకీ కలిగి ఉండటానికి చట్టప్రకారం అర్హత ఉన్నవారి కోసమే. మనవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, బి2 లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీనే కాదు, ఒక్క తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. మామూలు మనిషికి పనికొచ్చే మినహాయింపు ఒకటుంది: ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

"దగ్గర ఉంచుకోవడం" అంటే కొనడమే అనుకోకండి. రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) అద్దె తుపాకీ చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. ఇండియా నుంచి బి2 మీద వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి, చేతికి పిస్టల్ ఇచ్చి ఫోటో తీయడం చాలామందికి చిన్న విషయంలా అనిపిస్తుంది. వేట లైసెన్స్ లేకపోతే అది ఫెడరల్ నేరం. ఇంట్లో ఒకరు అమెరికా పౌరులు, ఇంకొకరు వీసా మీద ఉంటే సేఫ్ తాళంగానీ కోడ్‌గానీ వీసా మీద ఉన్నవారికి అందకూడదు. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. స్టేటస్ విషయంలో రవ్వంత అనుమానం ఉన్నా దుకాణం మెట్టెక్కక ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. స్నేహితుడి మాట, వాట్సాప్ గ్రూపు మాట ఈ విషయంలో పనికిరావు.

అపోహ: ఒకసారి పర్మిట్ ఉంటే పార్కులన్నీ ఒకటే.

నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆ పార్కు ఉన్న రాష్ట్రం చట్టమే వర్తిస్తోంది. అయితే పార్కులోని ఫెడరల్ భవనాల్లోకి, అంటే విజిటర్ సెంటర్, రేంజర్ ఆఫీసుల్లోకి తుపాకీతో అడుగు పెట్టకూడదు. ద్వారం దగ్గర బోర్డు ఉంటుంది. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ చేతిలో ఉన్న చెరువుల సంగతి మరీ వేరు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు వారాంతాల్లో వెళ్లే లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లావన్ లేకులు వాళ్లవే. నింపిన తుపాకుల మీద ఆ సంస్థకు సొంత నిబంధనలున్నాయి కాబట్టి రాష్ట్ర చట్టం చూసి సరిపెట్టుకోకుండా, వెళ్లబోయే లేకు నిబంధనలు విడిగా చదవాలి.

రాష్ట్రం దాటితే ఇంకో చిక్కు. కాలిఫోర్నియా ఏ ఇతర రాష్ట్రపు పర్మిట్‌నూ గుర్తించదు, మ్యాగజైన్‌లో (పిస్టల్ పిడిలోకి దోపే తూటాల డబ్బాలో) 10 తూటాలకు మించనివ్వదు. కొలరాడోలో ఆ పరిమితి 15. పర్మిట్ అవసరం లేని రాష్ట్రంలో ఉన్నా పర్మిట్ తీసుకోమని చెప్పేది ఇందుకే. చాలా రాష్ట్రాలు దాన్ని గుర్తిస్తాయి. పైగా స్కూలుకు 1,000 అడుగుల లోపు వర్తించే ఫెడరల్ నిషేధం నుంచి, ఆ రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఉన్నవారికి అక్కడ మినహాయింపు దొరుకుతుంది. ట్రెయిల్‌కి పోయే దారిలో స్కూళ్లు తగలని ఊరేది?

అపోహ: ఎంత చిన్నది, ఎంత తేలికైతే అంత మంచిది. ఆడవాళ్లకైతే చిన్న రివాల్వరే సరి.

దుకాణాల్లో ఎక్కువగా వినిపించే సలహా ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పేలినప్పుడు చేతికి తగిలే తన్నును మింగేది తుపాకీ బరువే. అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న, తిరిగే సిలిండర్‌లో 5 తూటాలు పట్టే .38 రివాల్వర్ సుమారు 425 గ్రాములుంటుంది. జేబులో ఉన్నట్టే తెలియదు. కానీ దాని ట్రిగ్గర్ లాగడానికి 10 నుంచి 12 పౌండ్ల బలం కావాలి. తుపాకీ బరువు ఒక పౌండు, ట్రిగ్గర్ బరువు 12 పౌండ్లు అన్నమాట. వేలు లాగేసరికి గొట్టం కొస పక్కకి వంగిపోతుంది. గురి చూసుకోవడానికి పైన చిన్న గాడి తప్ప ఏమీ ఉండదు. చేతిబలం తక్కువ ఉన్నవారికి, కొత్తవారికి ఇంతకంటే కష్టమైన తుపాకీ లేదు. అదే సైజులో .357 మాగ్నమ్ అనే మరింత బలమైన తూటా పేలిస్తే ఒక సిలిండర్ అయ్యేసరికి అరచెయ్యి మండుతుంది, రెండోసారి సాధన చేయబుద్ధి కాదు. 2 అంగుళాల గొట్టంలో తుపాకిమందు పూర్తిగా కాలక, మాగ్నమ్ వేగంలో చాలా భాగం నిప్పుగా, చప్పుడుగా బయటికే పోతుంది.

సుమారు 500 గ్రాముల సిగ్ పి365 అనే 9 ఎమ్ఎమ్ పిస్టల్, 10 తూటాల మ్యాగజైన్‌తో, నడుం దగ్గర అంతే సులువుగా దాగుతుంది. 670 గ్రాముల గ్లాక్ 19లో 15 పడతాయి. కాల్చడానికి ఇంకా హాయి, దాచడానికి మాత్రం వదులు చొక్కా, గట్టి బెల్టు కావాలి. కొత్తవారికి ఈ రెండింటి మధ్య సైజులోని 9 ఎమ్ఎమ్‌లే ముందు చూడమంటాం.

కౌంటర్ దగ్గర చూడాల్సినవి నాలుగు. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి, చాంబర్‌ను (పేలబోయే తూటా ఉండే గూటిని) కంటితో చూసి, వేలితో తడమాలి. దుకాణదారు చూసి ఇచ్చినా మీరు మళ్లీ చూడాలి. పట్టుకున్నప్పుడు చిటికెన వేలు పిడి మీద ఆనాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం, పిడి మీద చెయ్యి జరపకుండానే ట్రిగ్గర్‌కి అందాలి. ఇక స్లయిడ్‌ని రెండువేళ్లతో గిల్లి లాగకుండా, పైనుంచి అరచేత్తో గట్టిగా పట్టుకుని, పిడి ఉన్న చేతిని ముందుకి తోయాలి. "నాకు స్లయిడ్ రాదు" అనేవారిలో చాలామందికి ఇలా పట్టుకుంటే వచ్చేస్తుంది.

తర్వాత అదే మోడల్‌ను రేంజ్‌లో అద్దెకు తీసుకోండి. 5 గజాల దూరంలో 5 అంగుళాల వృత్తం, అందులో 5 గుళ్లు, 5 సెకన్లలో. కొద్దిపాటి శిక్షణ తర్వాత కూడా ఇది కుదరకపోతే ఆ తుపాకీ మీకు ఎక్కువైందని అర్థం. ఇంకాస్త బరువున్నది గానీ, చిన్న కాలిబర్‌ది గానీ పట్టుకుని మళ్లీ ప్రయత్నించండి.

అపోహ: రివాల్వర్ ఎప్పుడూ ఇరుక్కోదు.

తక్కువగా ఇరుక్కుంటుంది, అంతవరకే నిజం. ఇరుక్కుంటే మాత్రం దారి మధ్యలో విడిపించడం కష్టం. సెమీ ఆటోమేటిక్‌లో, అంటే స్లయిడ్ ఉన్న పిస్టల్‌లో, తూటా పేలకపోతే మ్యాగజైన్ అడుగున అరచేత్తో ఒక్క చరుపు చరిచి స్లయిడ్ లాగితే, చాలాసార్లు రెండు సెకన్లలో మళ్లీ సిద్ధం. రివాల్వర్ సిలిండర్ బిగుసుకుపోతే బల్ల మీద పెట్టి పనిముట్లతో చూడాల్సిందే.

బిగుసుకోవడానికి తరచూ కనిపించే కారణాలు రెండు. మొదటిది, తేలిక రివాల్వర్‌లో బలమైన తూటాలు వాడటం. తన్నినప్పుడు తుపాకీతో పాటు తూటా కేసు (మందు ఉండే ఇత్తడి డొల్ల) వెనక్కి వస్తుంది, బరువైన సీసపు గుండు ఉన్నచోటే ఉండిపోతుంది. అలా ప్రతి పేలుడికీ మిగిలిన తూటాల్లోని గుళ్లు వెంట్రుకవాసి ముందుకు జరిగి, చివరికి ఒకటి సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చి ఫ్రేమ్‌కి తగులుతుంది. ఇక సిలిండర్ తిరగదు. దీన్ని ఇంట్లో కాదు, రేంజ్‌లో పరీక్షించాలి: 5 నింపండి, అయిదోదాని పొడవు ముందే కాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టండి, నాలుగు పేల్చి దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగిందంటే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు. రెండోది, కాలని మందు రవ్వలు. ఖాళీ కేసుల్ని నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క కింద ఒక్క రవ్వ చేరినా సిలిండర్ మూతపడదు, మూతపడినా రాసుకుంటుంది. ఖాళీలు తీసేటప్పుడు గొట్టం ఆకాశంవైపు ఎత్తి, నెట్టే కడ్డీని ఒక్కసారి గట్టిగా కొట్టాలి. నేలవైపు వంచి మెల్లగా నెడితే రవ్వలన్నీ ఆ నక్షత్రం కిందికే పోతాయి. శుభ్రం చేసేటప్పుడు పాత టూత్‌బ్రష్ చాలు.

రివాల్వర్‌కి ఉన్న గొప్ప లాభం వేరే ఉంది. కుక్కో, మనిషో మీద పడి పెనుగులాటలో గొట్టం ఒంటికి ఆనితే, పిస్టల్ స్లయిడ్ కొద్దిగా వెనక్కి జరిగి పేలకుండా పోవచ్చు. రివాల్వర్‌కి ఆ బెడద లేదు.

అపోహ: ఎలుగుబంటి ఉంది కాబట్టి పెద్ద కాలిబర్ కొంటే చాలు.

ముందు ఏ ఎలుగు అన్నది చూసుకోండి. స్మోకీ మౌంటెన్స్‌లో ఉండేది నల్ల ఎలుగు. గ్రిజ్లీ, అంటే గోధుమ ఎలుగు, ఎల్లోస్టోన్, గ్లేసియర్, అలాస్కా వైపు. అలాస్కా ఘటనల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో, ఎలుగుల మీద చిమ్మే కారపు స్ప్రే వాడినప్పుడు గోధుమ ఎలుగు దూకుడు 92 శాతం సార్లు ఆగింది. 2012లో అదే రాష్ట్రపు తుపాకీ ఘటనల మీద వచ్చినదాంట్లో హ్యాండ్‌గన్‌కి ఆ లెక్క 84 శాతం. రెండింటిలోనూ ఘటనల తీరు వేరు కాబట్టి ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రెండో అధ్యయనం చెప్పిన అసలు విషయం వేరు: తుపాకీ ఉన్నవారు దాన్ని వాడినా వాడకపోయినా, గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎలుగు గంటకు 35 మైళ్ల వేగంతో వస్తుంది. 25 మీటర్లు రెండు సెకన్లలోపే. ఆ రెండు సెకన్లలో ఊగే తలకి గురిపెట్టడం కన్నా ఎదుట మబ్బులా పరచుకునే స్ప్రే చాలామందికి తేలిక. కనీసం 7.9 ఔన్సుల, 25 అడుగులు చిమ్మే, ఎలుగుల కోసమని రాసున్న డబ్బా కొనండి. గడువు తేదీ చూడండి. విమానంలో చెక్-ఇన్ లగేజీలో కూడా దాన్ని రానివ్వరు, దిగాక కొనాలి. యోసెమిటీలో స్ప్రే నిషేధం, ఎల్లోస్టోన్‌లో తప్పక పెట్టుకోమంటారు.

గ్రిజ్లీ ప్రాంతానికి స్ప్రేతో పాటు తుపాకీ కూడా కావాలనుకుంటే 10 ఎమ్ఎమ్ (గ్లాక్ 20, సుమారు 870 గ్రాములు, 15 తూటాలు) లేదా 4 అంగుళాల గొట్టం ఉన్న ఉక్కు .357 రివాల్వర్, దాదాపు 1.1 కిలోలు. తూటాలు కూడా మారతాయి. మనిషి నుంచి రక్షణకి వాడే, మొన దగ్గర గుంట ఉండే గుండు ఒంట్లో విచ్చుకుని 12 నుంచి 18 అంగుళాల లోతులో ఆగేలా చేస్తారు. ఎలుగు కొవ్వు, ఎముక దాటి లోపలికి పోవాలంటే విచ్చుకోని, బల్లపరుపు మొన ఉన్న గట్టి గుండు కావాలి. గ్లాక్ కంపెనీ తన గొట్టాల్లో తొడుగులేని సీసపు గుళ్లు వద్దంటుంది కాబట్టి వాటిలో గట్టి రాగి గుండు వాడటం మంచిది. మనుషులుండే ట్రెయిల్‌లో ఈ తూటాలు నింపుకోకండి, తగిలినదాన్ని దాటి వెనకున్నవారికీ తగులుతాయి.

పాముల మాట కూడా అడుగుతుంటారు. ర్యాటిల్‌స్నేక్ కనిపిస్తే పక్కకి తప్పుకోండి. తుపాకీతో పని లేదు.

అపోహ: బ్యాగులో ఉంటే చాలు, అవసరమైతే తీయొచ్చు.

బ్యాగు దించి, జిప్పు తీసి, టిఫిన్ డబ్బా పక్కకి జరిపి తీసేలోగా అవసరం తీరిపోతుంది. పిల్లలున్న చోట దించిన బ్యాగు మరీ ప్రమాదం. కానీ నడుముకు పెడదామంటే బరువు బ్యాగుకి ఉండే నడుం పట్టీ సరిగ్గా అక్కడే వస్తుంది. పట్టీ కింద నలిగిన పిడి ఒరుసుకుపోతుంది, చొక్కా పట్టీలో ఇరుక్కుని పైకి లేవదు. చిన్న నీళ్ల బ్యాగుతో వెళ్లే రోజు ప్యాంటు నడుం లోపల దోపే హోల్‌స్టర్ (తుపాకీ ఒర) చాలు. బరువు బ్యాగు రోజున ఛాతీ హోల్‌స్టరే సరి. పైన వదులు జాకెట్ వేసుకోవాలి. కనపడేలా పెట్టుకోకూడని చోట్ల జాకెట్ విప్పలేరన్నది గుర్తుంచుకోండి. హోల్‌స్టర్ ఏదైనా ట్రిగ్గర్ గార్డును పూర్తిగా, గట్టిగా కప్పాలి. మెత్తబడిన తోలు అంచు లోపలికి ముడుచుకుంటే, తుపాకీ దోపేటప్పుడు అదే ట్రిగ్గర్‌ని నొక్కేస్తుంది. అందుకే గట్టి ప్లాస్టిక్ మేలు. ముందు బ్యాగు తగిలించుకుని, ఖాళీ తుపాకీతో ఇంట్లో 20 సార్లు తీసి చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

అపోహ: కొన్నాక ఇక చూసుకోనక్కర్లేదు.

ఒంటికి ఆనే తుపాకీకి చెమటే శత్రువు. హ్యూస్టన్ ఎండాకాలంలో స్క్రూల తలలు, గురి ముక్కలు వారంలోనే తుప్పెక్కవచ్చు. నడిచొచ్చిన రోజే ఖాళీ చేసి, తుడిచి, పల్చగా నూనె రాయాలి. మ్యాగజైన్‌లోకీ, తూటాల మీదకీ నూనె పోకూడదు. మోసే తుపాకీలో కనీసం 200 తూటాలు, అందులో మీరు వెంట ఉంచుకునే రకం 50 అయినా, ఇరుక్కోకుండా పేలాకే దాన్ని నమ్మండి. రోజూ అదే తూటాను చాంబర్‌లోకి ఎక్కించి దించుతుంటే గుండు కేసులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పొట్టిదైంది పక్కన పెట్టేయండి.

విజిటర్ సెంటర్ లాంటి చోటు కోసం తుపాకీ కారులో వదలాల్సి వస్తే గ్లోవ్ బాక్స్ చాలదు. సీటు కింది ఇనుప చట్రానికి కేబుల్‌తో కట్టిన తాళం పెట్టె కావాలి. ఆ పని పార్కింగ్‌లో పదిమంది చూస్తుండగా కాకుండా, చేరకముందే దారిలో ఎక్కడైనా ఆపి చేయండి. తుపాకీని హోల్‌స్టర్‌లోంచి బయటికి తీయకండి, హోల్‌స్టర్‌తో సహా విప్పి పెట్టెలో పెట్టండి. తిరిగొచ్చాక అలాగే, ట్రిగ్గర్ కప్పి ఉండగానే, మళ్లీ తగిలించుకోవచ్చు.