స్పృహ, ఎరుక, మనిషి: ఒక మత్తు డాక్టరు రోజూ వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవారిలో చాలామంది చివరి నిమిషంలో అడిగేది నొప్పి గురించి కాదు. "డాక్టరు గారూ, మళ్ళీ లేస్తానంటారా?" అని అడుగుతారు. మనుషుల స్పృహను మందులతో తగ్గించి తిరిగి రప్పించడం నా వృత్తిలో సగం. మిగతా సగం ఐసీయూలో, ఏ మత్తుమందూ ఇవ్వకుండానే స్పృహ పోయినవారి దగ్గర గడుస్తుంది. ఈ రెండు చోట్లా బంధువులతో మాట్లాడేటప్పుడు నాకు ఎదురయ్యే చిక్కు ఒకటే. మెలకువ, ఎరుక, స్పందన అనే మూడు వేర్వేరు సంగతులను మనం "స్పృహ" అనే ఒక్క మాటలో మూటగట్టి, ఆ మూట మీదే "మనిషి ఉన్నాడా, లేడా" అనే నాలుగో ప్రశ్నను కూడా మోపుతాం. కళ్ళు తెరిచి ఉండడం మెలకువ. ఆ కళ్ళ వెనుక ఏదో ఒకటి అనుభవంలోకి రావడం ఎరుక. దాన్ని మాటతోనో చేతితోనో బయటపెట్టగలగడం స్పందన. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఈ మూడింటిని కలగలపడం వల్ల పుట్టినవే.

అపోహ: మత్తు ఇవ్వడమంటే గాఢంగా నిద్రపుచ్చడం.

వాస్తవం: ఈ అపోహలో మా వాళ్ళ తప్పూ ఉంది, ఎందుకంటే రోగి భయం పోగొట్టడానికి "కాసేపు నిద్రపోతారు, అంతే" అని మేమే చెబుతాం. నిద్రపోయే మనిషిని తట్టి లేపవచ్చు. పూర్తి మత్తులో ఉన్నవారిని కత్తి కూడా లేపదు. ప్రోపోఫాల్ అనే మత్తుమందు ఇచ్చాక మెదడు తరంగాలను చూస్తే నిదానమైన పెద్ద అలలతో పాటు నుదుటి భాగంలో ఒక ప్రత్యేకమైన ఆల్ఫా లయ కనిపిస్తుంది. మోతాదు ఇంకా పెరిగితే తరంగాలు కొన్ని సెకన్లు ఎగసి, కొన్ని సెకన్లు పూర్తిగా చదునైపోతాయి. ఆరోగ్యవంతుల సహజ నిద్రలో ఇలాంటి విరామాలు ఉండవు.

నిద్ర లేచినవారికి ఎంతో కొంత సమయం గడిచిందని తెలుస్తుంది. మత్తు దిగినవారు మాత్రం తరచు "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడుగుతారు. ఈ తేడా నాకు ఒక పాత వాదాన్ని గుర్తుచేస్తుంది. "సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అని లేచినవాడు చెప్పడం జ్ఞాపకమనీ, అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు కాబట్టి గాఢనిద్రలో కూడా సాక్షిగా చైతన్యం ఉందనీ అద్వైతులు వాదించారు. అది జ్ఞాపకం కాదు, లేచాక శరీరం తేలికపడడాన్ని బట్టి చేసిన ఊహ మాత్రమే అని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, బదులిచ్చారు. మొదట్లో నేను నైయాయికుల పక్షమే. అయితే జ్ఞాపకం లేనంత మాత్రాన అనుభవం లేనట్టా అన్న ప్రశ్న దగ్గర నా ధైర్యం సడలింది, దానికి కారణం మా రంగంలోనే ఉంది.

కండరాలను సడలించే మందు ఇచ్చే ముందు ఒక చేతికి పట్టీ కట్టి బిగిస్తే, ఆ మందు ఆ చేతిలోకి వెళ్ళదు. శరీరమంతా కదలిక కోల్పోయినా ఆ చెయ్యి కదలగలుగుతుంది. అప్పుడు రోగి పేరు పెట్టి పిలిచి, "నా మాట వినిపిస్తే చెయ్యి నొక్కండి" అని అడుగుతారు. 2017లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 260 మందిలో 12 మంది, అంటే సుమారు 4.6 శాతం మంది, ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసిన తరువాత అలా స్పందించారు. ఇలా చెయ్యి నొక్కేవారికి సాధారణంగా తరువాత ఏమీ గుర్తుండదు. మత్తులో మెలకువ వచ్చిందని రోగులు తమంతట తాము చెప్పిన సంఘటనలు మాత్రం, 2014లో వెలువడిన బ్రిటన్ జాతీయ పరిశీలన ప్రకారం, సుమారు 19,000 మందిలో ఒక్కటి. రెండు అంకెలకూ మధ్య ఉన్న ఆ పెద్ద ఖాళీలో ఉన్నది మరుపు. ఎరుక ఉండి కూడా జ్ఞాపకంగా నిలవని క్షణాలు ఉంటాయని నేను ఇప్పుడు అంగీకరిస్తాను. అంతమాత్రాన అద్వైతుల సాక్షి రుజువైపోయాడని మాత్రం అనను. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు ఈ అంకెలు చూసి బెంగపడనవసరం లేదు. ఆ చెయ్యి నొక్కినవారిలో కూడా నొప్పి ఉందని సూచించినవారు కొందరే, మోతాదును పెంచడం మా చేతిలో పని.

మా ఊరికి ఇందులో కొంత చరిత్ర ఉంది. నిజాం ధనసహాయంతో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు 1888లోనూ 1889లోనూ హైదరాబాద్‌లో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. క్లోరోఫాం వల్ల ముందు శ్వాస ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్నదే వాటి ప్రశ్న. శ్వాసేనని లారీ గట్టిగా నమ్మాడు. గుండె కూడా నేరుగా ఆగగలదని తరువాతి పరిశోధన తేల్చింది. స్పృహ ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఆ కమిషన్ల ముందుకు రానే లేదు. రోగి బతికి బయటపడడమే అప్పటి సమస్య.

అపోహ: స్పృహకు మెదడులో ఒక పీఠం ఉంది, అది పీనియల్ గ్రంథి, అదే మూడో కన్ను.

వాస్తవం: ఆత్మకు ప్రధాన స్థానం పీనియల్ గ్రంథి అని 17వ శతాబ్దంలో తత్త్వవేత్త డెకార్ట్ భావించాడు. అది మెలటోనిన్ అనే హార్మోన్‌ను తయారుచేసే చిన్న గ్రంథి. కణితి వల్ల దాన్ని తొలగించుకున్నవారు స్పృహతోనే జీవిస్తారు. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి, అయినా చిన్నమెదడు లేకుండా పుట్టినవారు నడకలో తడబడతారే తప్ప ఎరుక కోల్పోరు. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం పై భాగంలో చిన్న దెబ్బ తగిలితే మాత్రం మనిషి కోమాలోకి వెళ్ళవచ్చు. మెయిన్ స్విచ్ కాలిపోతే ఇల్లంతా చీకటవుతుంది. అంతమాత్రాన వెలుగు స్విచ్‌లో ఉందని ఎవరూ అనరు.

అపోహ: కోమాలో మనిషి ఏళ్ళ తరబడి నిద్రపోయి, ఒకనాడు హఠాత్తుగా లేచి "నేనెక్కడున్నాను?" అంటాడు.

వాస్తవం: అది సినిమాల్లో. కోమా సాధారణంగా కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు ఉంటుంది. ఆ తరువాత రోగి మరణించవచ్చు, మెల్లగా కోలుకోవచ్చు, లేదా కళ్ళు తెరిచి కూడా పరిసరాల ఎరుక కనిపించని స్థితికి చేరవచ్చు. కోలుకునేవారు అంచెలంచెలుగా, తికమకలతో, నెలల తరబడి కోలుకుంటారు.

అపోహ: పిలిస్తే పలకడం లేదు, చెబితే చెయ్యడం లేదు, కాబట్టి లోపల ఏమీ లేదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే బంధువులే కాదు, వైద్యులు కూడా దీన్ని నమ్ముతారు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక 23 ఏళ్ళ యువతిని పరీక్షించింది. రోడ్డు ప్రమాదం జరిగి ఐదు నెలలైంది. కళ్ళు తెరిచేది, మూసేది, దేనికీ స్పందించేది కాదు. మెదడులో ఏ భాగం చురుకుగా ఉందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ యంత్రంలో ఆమెను ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు, తరువాత తన ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతుల మెదళ్ళలో ఏ ఊహకు ఏ భాగాలు చురుకవుతాయో, ఆమె మెదడులోనూ ఆ ఊహకు ఆ భాగాలే చురుకయ్యాయి. మాట విని, అర్థం చేసుకుని, చెప్పినట్టు చేసే మనసు ఒకటి కదలని శరీరంలో ఉందన్నమాట.

అది ఎక్కడో ఒక్క అరుదైన సంగతి అనుకోవడానికి ఇప్పుడు వీలు లేదు. 2024లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, పడక పక్కన ఏ ఆదేశానికీ స్పందించని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, స్కాన్‌లోనో మెదడు తరంగాల్లోనో అలాంటి రహస్య స్పందన చూపారు. బంధువులు ఈ వార్త చదివి వెంటనే "మా నాన్నగారికి కూడా ఆ స్కాన్ చేయించండి" అంటారు, అది సహజమే. అదే అధ్యయనంలో పడక పక్కన చక్కగా స్పందించిన 112 మందిలో స్కాన్‌లో ఆ జాడ కనిపించింది 43 మందిలోనే అని కూడా నేను చెబుతాను. స్కాన్‌లో కనిపిస్తే ఎరుక ఉన్నట్టు. కనిపించకపోతే ఏమీ తేలనట్టు.

యంత్రాల కంటే ముందు చేయవలసినది ఓపికగా చూడడం. 2009 నాటి ఒక పరిశీలనలో, ఎరుక లేదని వైద్యబృందం ఏకాభిప్రాయంతో నిర్ణయించిన 44 మందిని ఒక క్రమబద్ధమైన పరీక్షతో మళ్ళీ చూస్తే, 18 మందిలో ఎంతో కొంత ఎరుక బయటపడింది. ఆ పరీక్షలో ఖరీదైన పరికరమేదీ లేదు. ముఖ్యమైన సాధనాల్లో ఒకటి చేతి అద్దం: వేలినో పెన్నునో చూపుతో వెంబడించని రోగి కూడా కొన్నిసార్లు తన ముఖాన్ని తాను వెంబడిస్తాడు. అందుకే మా ఐసీయూలో టార్చిలైటు పక్కన ఒక అద్దం ఉంటుంది. అదీ ఒక్కసారి చూసి వదిలేయడం కాదు. మత్తుమందుల ప్రభావం, జ్వరం, అలసట అన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి కాబట్టి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చూడాలి.

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది. "కళ్ళు తెరిచి నావైపే చూస్తున్నాడు, అంటే గుర్తుపట్టాడు" అంటారు. కళ్ళు తెరవడం మెలకువ మాత్రమే. ఈ మాట ఒక తల్లితో చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అపోహ: బ్రెయిన్ డెడ్ అంటే కోమాలో చివరి దశ; గుండె కొట్టుకుంటోంది కాబట్టి ఇంకా ఆశ ఉంది.

వాస్తవం: కాదు, అది మరణం. గుండెకు తనంతట తాను కొట్టుకునే ఏర్పాటు ఉంది. వెంటిలేటర్ ఊపిరి అందించినంతకాలం అది కొంతకాలం కొట్టుకుంటూ ఉండగలదు. కోమాలో మెదడు కాండం ఎంతో కొంత పనిచేస్తుంది. మెదడు మరణంలో అది శాశ్వతంగా ఆగిపోయింది. మన దేశంలో 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి దీన్ని ధ్రువీకరించాలి. కనుపాపలు వెలుగుకు కదలవు, గొంతులో గొట్టం కదిపినా దగ్గు రాదు, చెవిలో చల్లని నీళ్ళు పోసినా కళ్ళు కదలవు. చివరగా వెంటిలేటర్ నుంచి విడదీసి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగేదాకా ఆగుతాం. ఆ వాయువు పెరిగితే బతికి ఉన్న ఏ మెదడు కాండమైనా ఒక్క శ్వాసకైనా ప్రయత్నిస్తుంది. ఈ స్థితిలో వెన్నుపాము ప్రేరణ వల్ల చేతులు పైకి లేచి ఛాతీ మీదకు రావచ్చు. చూసినవారికి గుండె ఆగినంత పని అవుతుంది, అందుకే ఆ సంగతిని కుటుంబానికి ముందే చెప్పి ఉంచడం నా అలవాటు.

ఎరుక ఉన్న మనిషికి, మెదడు మరణించిన మనిషికి మధ్య చట్టం గీసిన గీత ఎంత గట్టిదో 2004లో హైదరాబాద్‌లో తెలిసింది. కండరాల క్షీణత వ్యాధితో మరణానికి దగ్గరైన ఒక యువకుడు, తాను బతికుండగానే అవయవాలు తీసుకోవాలని కోరాడు. అతని మెదడు మరణించలేదు కాబట్టి హైకోర్టు అందుకు అనుమతించలేదు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ద్వారా జరిగే మరణానంతర అవయవదానాలు ఆ గీతను ఆధారం చేసుకునే జరుగుతున్నాయి.

అపోహ: స్పృహ అంటే ఏమిటో సైన్స్ తేల్చేసింది. లేదా, మన ఋషులు ఎప్పుడో తేల్చేశారు.

వాస్తవం: రెండూ తొందరపాటు మాటలే. మెదడులోని భౌతిక క్రియలతో పాటు అనుభవమనేది అసలు ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు 1995లో తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ "కఠిన సమస్య" అని పేరు పెట్టాడు. పాతికేళ్ళలో స్పృహకు మెదడులో ఉన్న నాడీమూలం స్పష్టంగా దొరుకుతుందని నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోక్ 1998లో అతనితో పందెం కట్టి, 2023లో ఓడిపోయి వైన్ సీసాలు సమర్పించుకున్నాడు. 2025లో రెండు ప్రధాన సిద్ధాంతాలను 256 మందిపై ముఖాముఖి పరీక్షిస్తే, రెండింటికీ ఇబ్బంది కలిగించే ఫలితాలే వచ్చాయి. ఇక మెలకువ, కల, గాఢనిద్రలకు అతీతమైన నాలుగోదిగా మాండూక్యోపనిషత్తు చెప్పే తురీయాన్ని నేనిచ్చే మత్తుతో పోల్చేవారికి నా సమాధానం, అది ఆ ఉపనిషత్తుకూ మర్యాద కాదు, ప్రోపోఫాల్‌కూ కాదు అని. మద్యంలో మత్తు పుట్టినట్టు మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్న చార్వాకుల (ప్రాచీన భౌతికవాదుల) పోలిక మా వృత్తికి దగ్గరగా అనిపిస్తుంది కానీ, పోలిక దొరికినంత మాత్రాన వివరణ దొరికినట్టు కాదు.

అపోహ: జ్ఞాపకం పోయింది, మాట పోయింది; ఇక మిగిలింది జీవచ్ఛవమే.

వాస్తవం: "జీవచ్ఛవం" అనే మాట మన పత్రికల్లో తేలిగ్గా వాడేస్తారు. ఇది వైద్య నిర్ణయం కాదు, తీర్పు. వ్యక్తి కొనసాగింపుకు జ్ఞాపకమే ఆధారమని 17వ శతాబ్దంలో తత్త్వవేత్త జాన్ లాక్ వాదించాడు. తరువాతి శతాబ్దంలో థామస్ రీడ్ దానిలో చిక్కు చూపాడు: ముసలి సేనాపతికి తన యవ్వనంలోని యుద్ధం గుర్తుంది, ఆ యువకుడికి చిన్నప్పుడు తిన్న దెబ్బలు గుర్తున్నాయి, సేనాపతికి మాత్రం ఆ దెబ్బలు గుర్తులేవు, అప్పుడు ఆ పిల్లవాడూ ఈ సేనాపతీ ఒకరా, ఇద్దరా? 1953లో మూర్ఛ కోసం చేసిన శస్త్రచికిత్స తరువాత హెన్రీ మొలైసన్ కొత్త జ్ఞాపకాలను నిలుపుకోలేకపోయాడు, అయినా 2008లో మరణించేవరకు అతనితో పనిచేసినవారు అతని మర్యాదనూ హాస్యాన్నీ ప్రస్తావిస్తూనే ఉన్నారు.

ఇంకా కష్టమైన ఉదాహరణ అరుణా శాన్‌బాగ్. 1973లో ముంబైలో జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని, 2015లో మరణించేదాకా తాను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే ఉన్నారు. కారుణ్య మరణం కోరుతూ ఆమె తరఫున ఒక రచయిత్రి వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఆమె మెదడు మరణించలేదని చెబుతూ, దశాబ్దాలుగా ఆమెను చూసుకుంటున్న ఆసుపత్రి సిబ్బంది మాటకు విలువ ఇచ్చింది. ఆమెలో ఎరుక ఎంత ఉందన్నది స్కానులు తేల్చవలసిన ప్రశ్న. ఆమె ఎవరన్నది మాత్రం ఆ వార్డులో మారుతూ వచ్చిన నర్సుల తరాలకు ప్రశ్నే కాలేదు. నేను ఆ సిబ్బంది పక్షమే, అయితే చికిత్సను ఎప్పటికీ ఆపకూడదన్న పక్షం కాదు. ఒక మనిషిని మనిషిగా చూడడమంటే, ఆ మనిషి వద్దన్న చికిత్సను ఆపడం కూడా కావచ్చు.

తాను చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టే పత్రాన్ని, అంటే ముందస్తు వైద్య ఆదేశాన్ని, 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేస్తూ, ఇద్దరు సాక్షులతో పాటు, మేజిస్ట్రేటు సంతకానికి బదులు ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలన్నది. చికిత్స ఆపే ముందు ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు వేర్వేరుగా పరిశీలించాలి. ఇలాంటి పత్రం రాసిపెట్టుకున్న రోగులు నాకు చాలా అరుదుగా తారసపడ్డారు. పత్రం లేనప్పుడు కుటుంబాన్ని పక్క గదిలో కూర్చోబెట్టి మాట్లాడతాను. వాళ్ళు సాధారణంగా "మీరైతే ఏం చేస్తారు డాక్టరు గారూ?" అంటారు. నేను ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఆయన గురించి చెప్పమంటాను: ఏం చదివేవారు, ఎవరి మీద కోప్పడేవారు, ఇలాంటి జబ్బుతో ఉన్న బంధువును చూసి వచ్చిన రోజు ఇంట్లో ఏమన్నారు. మొదట ఎవరూ మాట్లాడరు. తరువాత ఎవరో ఒకరు, ఎక్కువగా చిన్న కూతురో మనవడో, ఆయన అన్న ఒక మాట చెబుతారు. మిగతావారు "అవును, అలాగే అనేవారు" అంటారు. ఆ మాటను నేను కేసు షీటులో ఆయన పేరు కింద రాసుకుంటాను.