పరీక్ష ఒకరికి, నమోదు ఒకరికి: అమెరికా గృహరుణ లైసెన్సుల తగవు

అమెరికాలో ఇంటి రుణం ఇప్పించే లోన్ ఆఫీసర్లకు ఎంత చదువు ఉండాలి, ఏ పరీక్ష పెట్టాలి అన్న వాదన ఇంకా తెగలేదు. 2008 గృహరుణాల సంక్షోభం ఎలా ముంచుకొచ్చిందో తెలియనివారు లేరు కాబట్టి అదంతా తిరగదోడనక్కర్లేదు. నేటి తగవుకు మూలం, ఆ ఏడాది జులై 30న అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకంతో అమల్లోకి వచ్చిన, లోన్ ఆఫీసర్ల లైసెన్సుకు సంబంధించిన ‘సేఫ్’ చట్టం గీసిన ఒక గీతలో ఉంది.

గీతకు ఒక పక్క స్వతంత్ర బ్రోకర్లు, బ్యాంకేతర సంస్థల ఉద్యోగులు. వీరు లైసెన్సుకు ముందు 20 గంటల పాఠాలు పూర్తిచేసి, పరీక్షలో కనీసం 75 శాతం తెచ్చుకోవాలి. వేలిముద్రలిచ్చి, తమ సొంత అప్పుల చరిత్రనూ చూపాలి. ఆపై ఏటా మరో 8 గంటలు చదవాలి. మరో పక్క బ్యాంకు ఉద్యోగులు. వీరికి వేలిముద్రలు, నమోదు చాలు. ఈ చట్టం కోరే పాఠాలు లేవు, పరీక్ష లేదు.

ఆ 20 గంటల్లో కనీసం రెండు గంటలు, 30 ఏళ్ల స్థిర వడ్డీ రుణాలు కాని వాటికే కేటాయించడానికి కారణముంది. సంక్షోభానికి ముందు రోజుల్లో అమ్ముడైన కొన్ని రుణాల్లో నెలవారీ కిస్తు వడ్డీకి కూడా సరిపోయేది కాదు. మిగిలిన వడ్డీ అసలులో కలిసేది, కడుతున్నకొద్దీ అప్పు పెరిగేది. పైగా, ఖాతాదారుకు తగినదానికన్నా ఎక్కువ వడ్డీకి అంటగడితే బ్రోకరుకు అదనపు కమీషన్ ముట్టేది. ఆ కమీషన్‌కు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు నిబంధన అడ్డుకట్ట వేసింది 2011 ఏప్రిల్‌లో, అంటే చదువు నిబంధన వచ్చాక దాదాపు మూడేళ్లకు.

తమపై సమాఖ్య ప్రభుత్వ తనిఖీ ఎప్పుడూ ఉంటుందనీ, తమ సిబ్బందికి తామే శిక్షణ ఇచ్చుకుంటామనీ బ్యాంకుల వాదన. అయితే సరిగ్గా అలాంటి రుణాలనే విరివిగా అమ్మిన వాషింగ్టన్ మ్యూచువల్ బ్యాంకు కూడా సమాఖ్య పర్యవేక్షణలో ఉన్నదే. చట్టంపై సంతకం పడి రెండు నెలలు తిరగకముందే, సెప్టెంబరు 25న అది మూతపడింది. బ్రోకర్లు అడిగేదీ ఇదే: పరీక్ష ఖాతాదారు రక్షణ కోసమైతే, ఆ ఖాతాదారు బ్యాంకు గుమ్మం ఎక్కగానే రక్షణ అవసరం ఎలా తీరిపోతుంది? పరీక్ష తప్పినవాడు బ్యాంకులో చేరి అదే రుణాన్ని అమ్ముకోవచ్చు. శుక్రవారం దాకా బ్యాంకులో పనిచేసినవాడు సోమవారం బ్యాంకేతర సంస్థలో చేరితే మాత్రం, లైసెన్సు చేతికొచ్చేదాకా ఒక్క దరఖాస్తూ తీసుకోవడానికి 2019 దాకా వీలుండేది కాదు.

ఈ రెండో చిక్కును అమెరికా చట్టసభ కాంగ్రెస్ 2018లో సడలించింది. అర్హత ఉన్నవారు దరఖాస్తు పెట్టుకుని తాత్కాలికంగా పనిచేసుకునే వీలు 2019 నవంబరు 24 నుంచి వచ్చింది. ఊరట దారి మారేవారికే దక్కింది, గీత మాత్రం చెరగలేదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొంటున్న తెలుగు కుటుంబం చేతికొచ్చే రుణ పత్రాల్లో లోన్ ఆఫీసర్ పేరు పక్కన ‘ఎన్ఎంఎల్ఎస్’ (లోన్ ఆఫీసర్లను నమోదుచేసే దేశవ్యాప్త వ్యవస్థ) సంఖ్య కనిపిస్తుంది. 2014 జనవరి నుంచి అది తప్పనిసరి. లైసెన్సు పొందినవారికీ, నమోదుతో సరిపెట్టుకున్నవారికీ ఇచ్చేది అదే వరుస సంఖ్య. ఆ వ్యక్తి పరీక్ష రాశాడో లేదో ఆ అంకెలు చెప్పవు.