ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో ఓటు ఎవరికి? అనంతపురం గొడవ వెనక కథ

అనంతపురంలో కొన్ని చిన్న ఆసుపత్రులు కలిసి వాడుకుంటున్న ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోగల) సాఫ్ట్‌వేర్ బృందంలో సభ్యత్వ గొడవ మళ్లీ రాజుకుంది. బృందాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయిద్దామని అనుకోవడంతో పాత పంచాయితీ పైకి తేలింది. బైలాస్ (సొసైటీ నియమావళి) ముసాయిదా ప్రకారం ఏటా చందా కట్టే కంపెనీల్లాంటి సంస్థలకే ఓటు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఓపీ కౌంటర్‌లో కూర్చునేవాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ‘మిత్ర సభ్యులు’. అంటే మీటింగుకి రావచ్చు, టీ తాగొచ్చు, ఓటింగ్‌లో చెయ్యి మాత్రం ఎత్తకూడదు.

వీళ్లు వాడే బహ్మ్నీ అనే ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ ఎలా పుట్టిందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆసుపత్రి కోసం థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టింది, లోపల ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ ఉంది, తర్వాత వాడే సంస్థలు కూటమి కట్టాయి. అంతవరకు చాలు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం అమెరికా మాజీ సైనికుల శాఖ దగ్గరికి వెళ్లాలి.

1970ల చివర్లో ఆ శాఖ ఆసుపత్రుల్లో కొందరు ప్రోగ్రామర్లు డాక్టర్ల పక్కన కూర్చుని, వాళ్లు అడిగినట్టు మంప్స్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాశారు. వాషింగ్టన్‌లోని పైవాళ్లకు అది గిట్టలేదు, ఆపమన్నారు. వీళ్లు చాటుమాటుగా కానిచ్చారు. తమ గుంపుకు ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అని పేరు పెట్టుకుని సభ్యత్వ కార్డులు కూడా అచ్చేయించుకున్నారు. పని చేసేవాడే సభ్యుడు, అంతే లెక్క. 1980ల్లో అదే అధికారిక వ్యవస్థ అయింది, విస్టా అన్న పేరు తర్వాత వచ్చింది. ప్రభుత్వోద్యోగులు రాసింది కాబట్టి దానికి కాపీరైట్ లేదు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడిగిన ఎవరికైనా కోడ్ ఇచ్చేవారు.

కోడ్ రాయనివాళ్ల పాత్ర ఎంతో చెప్పడానికి టొపీకా చాలు. కాన్సస్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో స్యూ కినిక్ అనే నర్సు, అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి ఉద్యోగి చేతి స్కానర్‌తో బార్‌కోడ్ చదవడం చూశారు. కారుకు చేసే పని మందుకు ఎందుకు చేయకూడదు అనుకున్నారు. రోగి చేతి పట్టీ స్కాన్ చేసి, మందు స్కాన్ చేసి, రెండూ సరిపోతేనే ఇచ్చే పద్ధతి 1990లలో అలా మొదలై ఆ శాఖ ఆసుపత్రులన్నిటికీ పాకింది. ఒకరి మందు ఇంకొకరికి పడకుండా ఆపిన ఈ ఆలోచన ఇచ్చింది ప్రోగ్రామర్ కాదు, వార్డులో డ్యూటీ చేసే మనిషి.

మలుపు 2011లో వచ్చింది. విస్టా కోడ్ బాగోగులు చూడ్డానికి ఆ శాఖే ఒసేరా అనే సంస్థను పెట్టించింది. ఉద్దేశం మంచిదే. చెల్లాచెదురుగా ఉన్న మార్పులను ఒకచోట చేర్చి, పరీక్షించి, అందరికీ ఇవ్వడం. అప్పటికే వరల్డ్‌విస్టా అనే లాభాపేక్ష లేని సంస్థ చుట్టూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఉన్నారు. కొత్త సంస్థలో కంపెనీలకు సభ్యత్వ రుసుములు వచ్చాయి, ప్రధాన ఆసరా మాత్రం ప్రభుత్వ కాంట్రాక్టే. బరువంతా ఒకే దూలం మీద పడింది. 2017లో ఆ శాఖ విస్టాను వదిలి సెర్నర్ అనే ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు మారతానని ప్రకటించింది, 2018లో దాదాపు 1000 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2020లో ఒసేరా మూతపడింది. డబ్బున్న సభ్యుడు లేచి వెళ్తే సంస్థ లేదు. వరల్డ్‌విస్టా ఇంకా నడుస్తోంది.

అనంతపురంలో చందా పద్ధతి కోరుతున్న కంపెనీల వాదన తీసిపారేసేది కాదు. సర్వర్ అద్దె, సెక్యూరిటీ ఆడిట్ ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి. రోగుల వివరాలు బయటికి పోతే కేసు తమ మీదే పడుతుందని వాళ్ల భయం.

అవతలివాళ్లు, అంటే ఓటు లేని మిత్ర సభ్యులు, అడిగేది వేరు. మన వైపు ఓబులేసులు, నాగమ్మలు, ఆంజనేయులు ఎంతమంది! కౌంటర్‌లో పేరు కొడితే స్క్రీన్ నిండా అదే పేరు. తొందరలో మొదటిది నొక్కితే ధర్మవరం నాగమ్మ షుగర్ రిపోర్టు కళ్యాణదుర్గం నాగమ్మ ఫైల్లోకి పోతుంది. వెతుకుడు జాబితాలో పేరు పక్కనే ఊరు, తండ్రి లేదా భర్త పేరు కనిపించాలని పట్టుబట్టింది ఓపీ చీటీలు రాసే అమ్మాయి. కంపెనీవాళ్లకు ఆ ఇబ్బంది కనపడే వీలే లేదు, వాళ్లు కౌంటర్‌లో కూర్చోరు కదా. ముసాయిదా ప్రకారం ఆ అమ్మాయికి ఓటు లేదు.

‘నచ్చకపోతే కోడ్ తీసుకుని విడిగా పెట్టుకోండి, ఎవరు ఆపారు’ అనే మాట మీటింగుల్లో తరచూ వినిపిస్తోంది. చట్టప్రకారం నిజమే. బహ్మ్నీ ఏజీపీఎల్ లైసెన్స్ కింద ఉంది, మార్చిన సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్క్ మీద నడిపితే దాన్ని వాడేవాళ్లకు సోర్స్ కోడ్ ఇవ్వాల్సిందే. ఆ లైసెన్స్‌లో ఓటు సంగతి ఎక్కడా ఉండదు. పైగా ఇప్పుడు కోడ్ ఒక్కటే ఉంటే పని నడవదు. 2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో, అంటే ఆరోగ్య రికార్డులను కలిపే కేంద్ర ప్రభుత్వ పథకంతో కలవాలంటే, ముందు శాండ్‌బాక్స్‌లో (పరీక్షల కోసం పెట్టిన వ్యవస్థలో) ఒక్కో మైలురాయి దాటాలి. రోగికి ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబర్ సృష్టించడం, రికార్డులు జోడించడం, రోగి అనుమతితో వేరేచోటి రికార్డులు తెప్పించుకోవడం, ఇలా. విడిపోయిన చిన్న గుంపు ఇదంతా మళ్లీ మొదటినుంచీ చేయాలి. 20 పడకల ఆసుపత్రికి, పరీక్షల మధ్య తీరిక చేసుకుని వచ్చే నలుగురు విద్యార్థులకు అది అయ్యే పని కాదు.

అందుకే ముసాయిదాలోని సభ్యత్వ నిబంధన మీద ఇంత పట్టుదల. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం రిజిస్ట్రేషన్‌కు కనీసం 7 మంది చాలు. చందా కట్టగల సంస్థలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయ్యాక బైలాస్ మార్చాలంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం నెగ్గాలి. ఆ సమావేశంలో ఓటు ఉండేది చందా కట్టినవాళ్లకే.