ముందు అద్దంలో బీట: ఎంతవరకు ఫర్వాలేదు?

ముందు వెళ్తున్న లారీ చక్రం కింద నుంచి చిన్న రాయి ఎగిరొచ్చి అద్దానికి టక్కున తగులుతుంది. చూస్తే చిన్న గాటు, దాని పక్కన సన్నటి గీత. అద్దం ఊడిపడలేదు, వాన నీళ్లు లోపలికి రావడం లేదు. రెండు రోజులు టెన్షన్ పడతాం, ఆ తర్వాత గీత ఉన్న సంగతే మరిచిపోతాం.

ఆ ధీమాకు కొంత ఆధారం లేకపోలేదు. కారు ముందు అద్దం నిజానికి రెండు గాజు పలకలు. ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్ల మందం. వాటి మధ్య పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, మామూలుగా 0.76 మిల్లీమీటర్లు. ఈ మూడింటినీ వేడి, ఒత్తిడి మీద ఒకటిగా అతికిస్తారు. రాయి తగిలితే బయటి పలక పగులుతుంది, ముక్కల్ని ప్లాస్టిక్ పట్టి ఉంచుతుంది, లోపలి పలక చాలాసార్లు చెక్కుచెదరదు. గోటితో అద్దం లోపలి వైపు తడిమి చూడండి. నున్నగా ఉంటే బయటి పలకే పగిలిందని అనుకోవచ్చు. లోపల కూడా గీత గోటికి తగులుతుంటే ఇక తర్జనభర్జన అక్కర్లేదు, అద్దం మార్చాల్సిందే.

ఈ రకం గాజుకు మూలం ఒక పొరపాటు. 1903లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్ బెనెడిక్టస్ చేతి నుంచి జారిన గాజు ఫ్లాస్కు పగిలింది గానీ ముక్కలు చెల్లాచెదురు కాలేదు. అందులో ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. 1909లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు.

ముక్కలు రాలకపోవడం ఒక సంగతి, గీత పాకకపోవడం వేరే సంగతి. ప్లాస్టిక్ పొర మొదటిదానికి హామీ ఇస్తుంది, రెండోదానికి ఇవ్వలేదు. ఇనుప రేకులో చీలిక పడితే దాని కొన దగ్గర లోహం కాస్త సాగి, ఒత్తిడిని చుట్టుపక్కలకి పంచుతుంది. గాజుకు సాగే గుణం లేదు. కారు గతుకుల్లో పడ్డప్పుడు బాడీ కొద్దిగా మెలిపడుతుంది, దాంతోపాటు అద్దమూ వంగుతుంది. ఆ ఒత్తిడంతా వచ్చి గీత కొన దగ్గరే పోగవుతుంది. దీని లెక్క తేల్చినవాడు బ్రిటిష్ ఇంజనీరు ఎ.ఎ. గ్రిఫిత్. 1921లో అచ్చయిన ఆయన పత్రం ప్రకారం, గీత పొడవు నాలుగు రెట్లయితే దాన్ని ఇంకా పాకించడానికి అంతకుముందు కావలసిన ఒత్తిడిలో సగం చాలు. అంటే గీత ఎంత పెరిగితే మరింత పెరగడం అంత సులువు. ‘పెద్దదయ్యాక చూద్దాంలే’ అనే వాళ్ల లెక్క ఇక్కడే తలకిందులవుతుంది.

దీనికి నీళ్లు తోడవుతాయి. ఒత్తిడిలో ఉన్న గీత కొనలోకి నీటి అణువు చేరితే, గాజును కలిపి ఉంచే సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని తెంచేస్తుంది. ఒక బంధం తెగితే కొన కాస్త ముందుకు జరుగుతుంది, తర్వాతి బంధం వంతు వస్తుంది. వానే పడనక్కర్లేదు, గాలిలోని తేమ సరిపోతుంది. ఎవరూ ముట్టుకోకుండా రాత్రంతా నిలిపిన కారులో తెల్లారేసరికి గీత పొడవు పెరిగిందంటే అందులో వింతేమీ లేదు.

వేడి సంగతీ చూడాలి. గాజు వేడిని మెల్లగా పంపుతుంది. ఎండలో కాగిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పైభాగం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. పైభాగం మీద లాగుడు పడి గీత నోరు తెరుస్తుంది. మంచు పట్టిన అద్దానికి లోపల నుంచి హీటర్ గాలి గట్టిగా వదిలినా ఫలితం ఇదే. బీట ఉన్న అద్దం మీదికి ఏసీని గానీ హీటర్‌ని గానీ ఒక్కసారిగా తిప్పకండి. గీత అంచు దాకా పాకి ఉంటే మరీ జాగ్రత్త. కోసిన గాజు అంచుల్లో కంటికి కనబడని గాట్లు ముందే ఉంటాయి, బిగింపు ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ.

చూపుకు కలిగే ఇబ్బంది పగలు పెద్దగా తెలియదు. రాత్రి ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ వెలుగు గీతలో ఇరుక్కున్న గాలి పొర మీద పడి చెదురుతుంది. ఒక్క క్షణం అద్దమంతా మెరిసి రోడ్డు మాయమవుతుంది. రోడ్డు దాటుతున్న మనిషి ఆ మెరుపు వెనకే ఉండొచ్చు. డ్రైవర్ కళ్లకు ఎదురుగా ఉన్న గీత చిన్నదైనా నేను ఒప్పుకోనిది ఇందుకే.

ఇక ముందు అద్దం చేసే, చాలామందికి తెలియని పని ఒకటుంది. నేటి కార్లలో అద్దాన్ని పాలీయురెథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. కారు పల్టీ కొడితే పైకప్పు అణగకుండా అద్దం కూడా కొంత బరువు మోస్తుంది. చాలా కార్లలో డ్రైవర్ పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ డ్యాష్‌బోర్డు పైనుంచి అద్దం వైపు విచ్చుకుని, దాన్ని ఆనుకుని మనిషి వైపు తిరుగుతుంది. సెకనులో కొన్ని వందో వంతుల్లో జరిగే పని ఇది. అద్దం ఆ తోపుకు నిలవకపోతే బ్యాగ్ ముందుకు జారి, మనిషిని ఆపాల్సిన చోట ఉండదు. చిన్న గాటుకు ఈ భయం అక్కర్లేదు. అడ్డంగా పాకిన పొడవాటి గీతకు, సరిగా అతకని అద్దానికి మాత్రం ఉంది.

కాబట్టి గాటు చిన్నదిగా, అంచుకు దూరంగా, చూపుకు పక్కగా ఉన్నప్పుడే రిపేర్ చేయించడం తెలివైన పని. గాటులోని గాలిని లాగేసి, పల్చటి రెసిన్ ఎక్కించి, అల్ట్రావయొలెట్ కాంతితో గట్టిపరుస్తారు. రెసిన్ కాంతిని దాదాపు గాజులాగే వంచుతుంది గనుక గీత చాలావరకు కనబడకుండా పోతుంది. లోపలికి దుమ్ము, నీళ్లు చేరితే మాత్రం రెసిన్ సరిగా పట్టదు. అందుకే మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా గాటు మీద పారదర్శకమైన టేప్ అతికించి ఉంచండి.

అద్దం మార్పించాల్సి వస్తే, జిగురు గట్టిపడేదాకా కారు కదల్చవద్దు. ఎంతసేపన్నది జిగురును బట్టి ఉంటుంది, అతికించిన వాళ్లనే అడగాలి. ఆ రోజంతా తలుపులు దభాలున వేయకండి, ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి. అద్దం వెనుక కెమెరా ఉన్న కారైతే దాన్ని మళ్లీ సరిచేయించాలి. కొద్ది డిగ్రీలు పక్కకు చూస్తున్న కెమెరా రోడ్డు గీతల్నీ ముందు బండినీ లేనిచోట ఉన్నట్టు లెక్కగడుతుంది, ఆటోమేటిక్ బ్రేకు నమ్ముకునేది ఆ లెక్కనే.