టీనేజ్ పిల్లల నటన క్లాసులు: అపోహలు, వాస్తవాలు

వేసవి సెలవులు వచ్చాయంటే విశాఖలో నటన క్లాసుల బోర్డులు మొలుస్తాయి. పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: "మావాడికి అడగ్గానే కళ్లలో నీళ్లొచ్చేస్తాయండీ, పుట్టుకతోనే నటుడు."

కన్నీళ్లకు గ్లిజరిన్ ఉంది, క్లాసు అక్కర్లేదు. మొదటి వారం చేయించాల్సింది బిందె మోయడం. సగానికి నీళ్లు పోసిన బిందెను పది అడుగులు నిజంగానే మోయించాలి. బరువు ఏ కాలి మీద పడింది, ఖాళీ చెయ్యి ఎటు పోయింది, దించేటప్పుడు ఊపిరి ఎప్పుడు వదిలారు అన్నది పిల్లలే చెప్పాలి. మూడుసార్లయ్యాక బిందె తీసేసి, అదే పని ఉత్త చేతులతో చేయించాలి. తప్పు ఎక్కువగా దించే దగ్గరే దొరుకుతుంది: బిందె నేలను తాకకముందే చేతులు వదిలేస్తాయి. లేదంటే మొహం ఒక్కటే బరువు మోస్తుంటుంది, నడుముకు ఆ సంగతే తెలియదు. ఈ తేడా పట్టుకున్న పిల్లలకు ఏడుపు సీను ఇచ్చినా మొహం నలిపేసుకోరు, ఆ పాత్ర అక్కడ ఏం పని చేస్తోందో వెతుక్కుంటారు.

అపోహ: అద్దం ముందు డైలాగు బట్టీ పడితే చాలు.

అలా నేర్చిన డైలాగుకు ఒక రాగం అంటుకుపోతుంది. ఎదుటివాడు "నువ్వే తీశావు" అని అరిచినా గొణిగినా జవాబు అదే రాగంలో వస్తుంది. మొదటి రెండు రోజులు ఏ భావమూ కలపకుండా చప్పగా చదవాలి. తర్వాత, ఎదుటి పాత్ర అన్న ఏ మాటకు మన మాట పుడుతోందో దాని కింద గీత గియ్యాలి. ఆపైన బట్టలు మడతపెడుతూనో వేరుశనక్కాయలు ఒలుస్తూనో చెప్పాలి. చేతులు ఎక్కడ ఆగితే అక్కడ డైలాగు ఇంకా రాలేదన్నమాట.

అపోహ: గొంతు పెరగాలంటే బీచ్‌కెళ్లి అరవాలి.

ఆర్కే బీచ్‌లో అలల హోరుకు మన గొంతు మనకే వినబడదు. దాంతో ఇంకా బిగించి అరుస్తాం, బొంగురుపోతుంది. పైగా 12 నుంచి 15 ఏళ్ల మధ్య చాలామంది మగపిల్లలకు స్వరతంత్రులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి (సంగీతంలో 'స' నుంచి పై 'స' దాకా ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. ఆడపిల్లల్లోనూ మార్పు ఉంటుంది గానీ తక్కువ. ఆ రోజుల్లో మాట మధ్యలో గొంతు కీచుగానో బొంగురుగానో మారిపోవడం సహజం, తిట్టకండి. వెల్లకిలా పడుకుని పొట్ట మీద నోట్‌బుక్ పెట్టుకుని, 4 లెక్కపెట్టేదాకా పీల్చి, "స్స్" అంటూ 12 దాకా వదలాలి. రోజుకు ఐదుసార్లు చాలు. పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు.

అపోహ: మన యాస వదిలించాలి.

"ఏటి", "ఎల్తన్నాను" అన్నందుకు నవ్వే మాస్టారి దగ్గర పిల్లల్ని ఉంచకండి. వాడుక భాషకు పట్టం కట్టిన కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది పక్కనున్న విజయనగరంలోనే. యాసను చెరపనక్కర్లేదు, దాని పక్కన ఇంకో పలుకుబడి నేర్పితే చాలు: రోజూ పేపర్లో ఒక పేరా బిగ్గరగా చదువుతూ శ, ష, సలు, ల, ళలు విడివిడిగా పలకాలి.

అపోహ: కోర్సు అయితే సినిమా ఛాన్స్ వచ్చినట్టే.

రాదు. ఆడిషన్‌కు డబ్బులడిగితే వెనక్కి తిరిగి వచ్చేయండి. నిజంగానే అవకాశం వస్తే ఇవి అడగండి: 14 ఏళ్లలోపు పిల్లలతో షూటింగ్‌కు నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి.

ఇంట్లో ఆడిషన్ వీడియో తీస్తే ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టండి. కిటికీ వెలుగు మొహం మీద పడాలి, వెనక ఖాళీ గోడ ఉండాలి. ఎదుటి డైలాగు చదివేవారు లెన్స్ పక్కనే నిలబడాలి, లేకపోతే చూపు ఎటో పోతుంది. ఫ్యాన్ కట్టేయడం తప్పదు, కాబట్టి విశాఖ ఉక్కలో చొక్కా తడిసేలోపు రెండు టేకుల్లో ముగించుకోండి.