ఏఐ పాటను ఏ కొలతతో కొలుస్తుంది?

కాజీపేట నుంచి ఒక అమ్మాయి మెయిల్ పెట్టింది. బీటెక్ ఆఖరి ఏడాది చదువుతోంది. ఫోక్ సాంగ్స్ బాగా పాడుతుందట, యూట్యూబ్ ఛానళ్లవాళ్లు పిలిచి పాడిస్తున్నారు. "చదువు అయిపోయాక పాటనే నమ్ముకుందామనుకున్నా సర్. మొన్న మా తమ్ముడు ఫోన్‌లో రెండు లైన్లు టైప్ చేసి, బతుకమ్మ పాటలాంటిది అర నిమిషంలో తయారుచేసి వినిపించాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాడాలా, ఏఐ నేర్చుకోవాలా, ఉద్యోగం చూసుకోవాలా?" అని అడిగింది. ఆ పాట కూడా పంపింది.

కెరీర్ సలహాలు చెప్పేవాళ్లు హన్మకొండ నయీంనగర్‌లో గల్లీకొకరు ఉన్నారు. నాకు ఆసక్తి కలిగించింది తమ్ముడి ఫోన్. అందులో ఏం జరిగిందో తెలిస్తే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి. ఏఐ అంటే ఏమిటి, న్యూరాన్లు అంటే ఏమిటి అనే పాఠాలు వదిలేస్తున్నా. అవి ఇప్పటికే వందసార్లు చదివి ఉంటారు.

కంప్యూటర్‌తో సంగీతం చేయించడం కొత్తేమీ కాదు. 1957లోనే ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో హిల్లర్, ఐజాక్సన్ అనే ఇద్దరు ఇలియాక్ అనే కంప్యూటర్‌తో నాలుగు తంత్రీవాద్యాల కోసం స్వరాలు రాయించారు. యంత్రం స్వరాలను యాదృచ్ఛికంగా పడేస్తుంది, నియమాలకు సరిపోనివాటిని తీసేస్తుంది. కానీ అది కాగితం మీద స్వరలిపి మాత్రమే, వాయించాల్సింది మనుషులే. ఇప్పుడు ఫోన్ నేరుగా శబ్దాన్నే పుట్టిస్తోంది. ఇది చాలా పెద్ద తేడా, ఎందుకంటే శబ్దంలో ఉండే అంకెలు లెక్కలేనన్ని.

సీడీలో ఒక్కో స్పీకర్‌కు, శబ్ద కంపనాన్ని కొలిచిన అంకెలు సెకనుకు 44,100 ఉంటాయి. మన చెవి వినగల పై హద్దు సుమారు 20,000 హెర్ట్జ్, అంటే సెకనుకు 20,000 ఊపులు. అంత వేగంగా ఊగే కంపనాన్ని పట్టాలంటే దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలవాలి, అందుకే ఆ సంఖ్య. మూడు నిమిషాల పాటంటే ఒక్క స్పీకర్‌కే దాదాపు 80 లక్షల అంకెలు. ఒక్కో అంకె తర్వాత వచ్చేది ఏమిటో ఊహిస్తూ పోయే వేవ్‌నెట్‌ను డీప్‌మైండ్ 2016లో చేసింది. గొంతు బాగానే వచ్చింది గానీ నడక నత్తనడక. 2020లో ఓపెన్‌ఏఐ చేసిన జ్యూక్‌బాక్స్ ఒక్క నిమిషం పాటకు సుమారు 9 గంటలు తీసుకునేది. అక్కడి నుంచి తమ్ముడి అర నిమిషం దాకా రావడానికి చాలా మెరుగులు జరిగాయి. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినది రెసిడ్యువల్ వెక్టర్ క్వాంటైజేషన్. పేరు చూసి బెదరొద్దు. వడ్లు కొలిచిన మన నానమ్మలకు ఇది తెలిసిన పనే.

రాశి ముందు కూర్చున్న మనిషి మొదట కుంచంతో కొలుస్తుంది. కుంచం నిండనంత మిగిలితే మానిక అందుకుంటుంది. ఆ తర్వాత సోల, ఆఖరికి గిద్దె. రాశి ఎంత పెద్దదైనా చివరికి చెప్పేది నాలుగు అంకెలే: మూడు కుంచాలు, రెండు మానికలు, ఒక సోల, మూడు గిద్దెలు. గిద్దె కూడా నిండని గింజలు చాటలోనే ఉండిపోతాయి, లెక్కకు రావు.

తమ్ముడు వాడిన యాప్ లోపల ఏముందో కంపెనీ బయటపెట్టదు. లెక్కలన్నీ బయటపెట్టిన మోడల్ ఒకటుంది, మెటా వాళ్ల మ్యూజిక్‌జెన్, 2023లో వచ్చింది. దాన్ని విప్పి చూద్దాం. అది సెకను శబ్దాన్ని 50 ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క ఒక అంకెల కట్టగా మారుతుంది. మొదటి కొలతలో 2048 నమూనా కట్టలు ఉంటాయి. మన ముక్కకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న నమూనా నంబరు రాసుకుని, ఆ నమూనాను ముక్కలోంచి తీసేస్తుంది. మిగిలినదాన్ని రెండో కొలత పట్టుకుంటుంది, అందులో మళ్లీ 2048 నమూనాలు, ఇంకా చిన్న తేడాలవి. తర్వాత మూడోది, నాలుగోది. అంతటితో ఆపేస్తుంది. సరిగ్గా నాలుగు కొలతలే, కుంచం నుంచి గిద్దె వరకు.

ఇందులోని పొదుపు చూడండి. నాలుగు కొలతల్లో కలిపి దాచుకోవాల్సిన నమూనాలు 8,192 మాత్రమే. వాటితో వర్ణించగల శబ్దాలు 2048ని నాలుగుసార్లు గుణించినన్ని, అంటే సుమారు 17 లక్షల 59 వేల కోట్లు. ఒకే పెద్ద కొలతతో ఇంత నాణ్యత రావాలంటే అన్ని నమూనాలనూ విడివిడిగా దాచాలి, అది మామూలు కంప్యూటర్ వల్ల అయ్యే పని కాదు. ఒక్కో నంబరు రాయడానికి 11 బిట్లు (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒకటి) చాలు. సెకనుకు 50 ముక్కలు, ముక్కకు 4 నంబర్లు, నంబరుకు 11 బిట్లు, మొత్తం 2,200 బిట్లు. అసలు శబ్దం (ఈ మోడల్ సెకనుకు 32,000 అంకెలతో, 16 బిట్లతో పనిచేస్తుంది) 5,12,000 బిట్లు. అంటే 230 రెట్లకు పైగా కుదింపు! మూడు నిమిషాల పాట 36,000 నంబర్లకు దిగింది. ఇక అంత పొడవున్న వరుసలో తర్వాతి నంబరు ఊహించడం, కథలో తర్వాతి మాట ఊహించడం లాంటి పనే.

ఇక్కడ నానమ్మ కుంచానికీ దీనికీ ఒక తేడా ఉంది. కుంచం ముందే తయారై ఉంటుంది, వడ్లయినా జొన్నలయినా అదే కుంచం. యంత్రం కొలతలు మాత్రం రాశిని కొలుస్తూ కొలుస్తూ తమంతట తామే ఆకారం తెచ్చుకుంటాయి. రాశి నిండా సన్న వడ్లే ఉంటే కొలతలు సన్న వడ్లకే నప్పుతాయి. మధ్యలో గుప్పెడు కొర్రలు పడితే వాటిని కూడా సన్న వడ్ల లెక్కనే కొలిచి, సరిపోని తేడాను కింది కొలతకు నెట్టేస్తాయి, అది ఇంకా కిందికి నెడుతుంది, చివరికి చాటలో మిగులుతుంది. మ్యూజిక్‌జెన్ నేర్చుకున్న రాశి 20,000 గంటల సంగీతం, లైసెన్సు తీసుకున్నదే. ప్రపంచ సంగీత సంస్థలు అమ్మే సరుకులో ఒగ్గు డోలు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంతవరకు చెప్పగానే సంగీతం మాస్టార్లు సంతోషిస్తారు. "చూశావా, గమకం యంత్రానికి అందదు" అంటారు. నేను ఒప్పుకోను. గమకంలో గొంతు సెకనుకు ఐదారుసార్లు ఊగిందనుకుందాం. యంత్రం సెకనుకు 50 ముక్కలు తీసుకుంటోంది కాబట్టి ఒక్కో ఊపుకు ఎనిమిది, పది ముక్కలు దొరుకుతాయి. ఆ ఊపు పట్టుకోవడానికి అది చాలు. కొలత దగ్గర గమకం పోదు. రామప్ప గుడిలో గైడు శిల్పాన్ని తట్టి సరిగమలు వినిపిస్తే దేవుడి మహిమ అంటాం, కంప్యూటర్ పాడితే ఆత్మ లేదంటాం. సన్నగా చెక్కిన రాయి తన సహజ పౌనఃపున్యంతో కంపించినా, స్పీకర్ పొర కంపించినా మన చెవికి చేరేది గాలి కదలికే. క్లాసులో పిల్లలకు ఈ మాట చెప్పకుండా "అది ఆ కాలపు శిల్పుల రహస్యం" అని దాటేసే టీచర్లను చూశాను. ఆ రాతిని అంత సన్నగా, పగలకుండా చెక్కిన కాకతీయ శిల్పుల నేర్పు మహిమ కంటే గొప్పదని నా అభిప్రాయం.

గమకం పోయేది రెండో అంచెలో, ఊహించే చోట. శిక్షణలో యంత్రానికి జరిమానా వేసే పద్ధతి ఇలా ఉంటుంది. అసలు పాటలో తర్వాత వచ్చిన నంబరుకు యంత్రం సగం అవకాశం ఇచ్చి ఉంటే జరిమానా 1 బిట్. 2048లో ఒక వంతు అవకాశమే ఇచ్చి ఉంటే 11 బిట్లు. కోట్ల ముక్కల మీద ఈ జరిమానా మొత్తం తగ్గించడమే దాని చదువు. ఉయ్యాలో అంటూ సాగే బతుకమ్మ పాట లక్ష పాటల్లో ఒకటైతే, దాన్ని పూర్తిగా తప్పుగా ఊహించినా మొత్తం జరిమానాలో తేడా కనపడదు. ఎక్కువ పాటల్లో వచ్చేదాన్ని సరిగ్గా ఊహించడమే లాభం. యంత్రానికి గమకం చేతకాదని కాదు, చేయాల్సిన అవసరం దానికి పడలేదు.

అమ్మాయి పంపిన పాటలో ఇది స్పష్టంగా వినిపించింది. గొంతు తియ్యగా ఉంది, మాటల్లో ఉయ్యాలో ఉంది. కానీ కోరస్ ప్రతిసారీ బీట్ మీద, గీత గీసినట్టు మొదలవుతోంది. నిజం బతుకమ్మ ఆటలో ముందు పాడే ఆమె చరణం ముగించకముందే వెనకాలవాళ్లు తోక అందుకుంటారు. చప్పట్లు ఒక్కసారిగా పడవు, చుట్టూ తిరుగుతూ పడతాయి. ఒక ముసలామె శ్రుతి కాస్త కిందుంటుంది. అయినా నిజం చెప్పాలి, డీజేలో పెద్ద సౌండుతో వేస్తే ఈ తేడా నూటికి తొంభైమంది పట్టించుకోరు.

గొంతు సంగతి వేరు. స్వరపేటిక శబ్దాన్ని పుట్టిస్తే, గొంతు, నోరు, ముక్కు ఆకారం అందులో కొన్ని పౌనఃపున్యాలను పెంచి కొన్నిటిని తగ్గిస్తుంది. మన గుర్తు ఆ పెంపు తగ్గింపుల్లోనే ఉంది. మన వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు తన ఒక్క నోటి ఆకారాన్నే మార్చుకుంటూ ఎన్ని గొంతులు వినిపించారో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. అది వేణుమాధవ్ అని తెలిసి వినడంలోనే జనానికి ఆనందం. గొంతుకు నకలు తీసే క్లోనింగ్ యాప్ విషయంలో వినేవాడికి ఆ తెలివిడి ఉండదు. మూడు సెకన్ల గొంతు వింటే చాలు, అదే గొంతుతో మాట్లాడించగలమని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే చూపించారు. 2024లో ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను, వాళ్ల కుటుంబాల అనుమతితో, డబ్బిచ్చి వాడుకున్నారు. అదే ఏడాది, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును అడగకుండా వాడారని ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమా వాళ్లకు నోటీసు పంపింది. హిందీ గాయకుడు అరిజిత్ సింగ్ వెళ్లి అడిగితే, ఆయన గొంతును ఏఐతో తయారుచేయకుండా బాంబే హైకోర్టు ఆ జులైలో మధ్యంతర రక్షణ ఇచ్చింది.

ఇక బతుకుతెరువు. ఒకప్పుడు మన వరంగల్ పిల్లల కలలు రెండే, ఆర్ఈసీలో ఇంజినీరింగ్ సీటు, కేఎంసీలో మెడికల్ సీటు. పాట పిచ్చి ఉన్నవాడికి మూడో కల, హైదరాబాద్ బస్సెక్కడం. మహబూబాబాద్ దగ్గర కంబాలపల్లి నుంచి వెళ్లిన చక్రి సంగీత దర్శకుడయ్యాడు కాబట్టి ఆ కల మరీ గాలిమేడ కూడా కాదు. తర్వాత యూట్యూబ్ వచ్చి బస్సు అవసరం తగ్గించింది. ఇంట్లోనే ఒక గది, ఒక మైకు, కరీంనగర్‌లో ఎడిటింగు, పొలంగట్టు మీద షూటింగు. ఉత్తర తెలంగాణలో ఈ ప్రైవేట్ సాంగ్స్ పెద్ద వ్యాపారమే అయింది.

ఏఐ దెబ్బ పడేది పేరున్నవాళ్ల మీద కాదని నా అనుమానం. కొత్తవాళ్లు నాలుగు రూపాయలు సంపాదిస్తూ పని నేర్చుకున్న చిన్న పనుల మీద. బట్టల షాపు ఓపెనింగ్ పాట, సర్పంచ్ ఎన్నికల పాట, పెద్ద గాయని వచ్చేదాకా తాత్కాలికంగా పాడే ట్రాక్, షార్ట్ ఫిల్మ్ వెనకాల సంగీతం. వీటిల్లో కావలసింది నలుగురికీ అలవాటైన పాటే, యంత్రానికి బాగా వచ్చింది కూడా అదే. మెట్లు తీసేసి మేడ మీదికి రమ్మంటే ఎట్లా వస్తారు? దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు, అందరూ ఆత్మ గురించే మాట్లాడుతున్నారు.

యంత్రం రాశిలో లేనిది మన చుట్టూ చాలా ఉంది. జనగామ చుక్క సత్తయ్య గారి ఒగ్గు కథ రాత్రంతా నడిచేది. ఎదుట కూర్చున్నవాళ్ల కళ్లు మూతలు పడితే డోలు వేగం మారుతుంది. ఆ మార్పు ఏ రికార్డింగులోనూ పూర్తిగా ఉండదు, ఎందుకంటే దానికి కారణం మైకు అవతల కూర్చున్న జనం. మణుగూరు సకిని రామచంద్రయ్య గారు కోయదొరల వంశకథలు, సమ్మక్క సారలమ్మల కథలు డోలు మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. ఆయనతో పోయిన పాటను ఏ మోడలూ తిరిగి తేలేదు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అమ్మమ్మ పాటను రికార్డు చేయకపోతే అది పోతుంది. చేసి నెట్‌లో పెడితే ఎవరి రాశిలోకో చేరుతుంది. తమ పాటలు అడగకుండా వాడుకున్నారని పెద్ద పెద్ద సంగీత కంపెనీలే 2024 జూన్‌లో అమెరికాలో, సునో, యుడియో అనే ఏఐ పాటల కంపెనీల మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. అయినా రికార్డు చేయమనే అంటాను. ఎకో, మ్యూజిక్ ఏమీ కలపకుండా, ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం అని ముందే గొంతుతో చెప్పించి ఇంట్లో దాచిపెట్టు. ఎక్కించడమా వద్దా అనేది తర్వాత తేల్చుకోవచ్చు.

ఇక నీ మూడు ప్రశ్నలకు, బిడ్డా. ఉద్యోగం చూసుకో. కింది మెట్లు కరిగిపోతున్న రోజుల్లో పాట మీద నెల జీతం బరువు పెట్టొద్దు. ఏఐ నేర్చుకోవడానికి బీటెక్ చదివినదానివి, రెండు వారాంతాలు చాలు. వాద్యాలు విడదీయడానికి, రిహార్సల్ ట్రాకులకు పనికొస్తుంది. పాట ఆపొద్దు. జనం ముందు పాడే అవకాశం వస్తే స్టూడియో పని కంటే దానికే ముందు వెళ్లు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకో. ఛానళ్లవాళ్లు ఐదారు వేలు చేతిలో పెట్టి సంతకం తీసుకునే కాగితం చదువు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, కాగితం రాసిన రోజుకు వాడుకలో లేని మాధ్యమానికి, అందులో దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ హక్కుల బదిలీ వర్తించదు. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పాటకు మాటలు, బాణీ కూడా నీవే అయితే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకుంటున్నానని నువ్వు రాసిచ్చినా చెల్లదు. గాయనిగా నీ ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. కాగితంలో 'వాయిస్ మోడల్' అనో, 'ఏఐ శిక్షణ' అనో, 'ఇకపై రాబోయే అన్ని టెక్నాలజీలు' అనో కనిపిస్తే ఆ లైను కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టు. వాళ్లు కాదంటే, నీ గొంతుకు విడిగా ధర చెప్పు.